మాత్రకు లేని సుంకం రొయ్యకెందుకు?

సికింద్రాబాద్,
23 నవంబర్ 2025.

చి. సౌమ్యకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొంథా తుపాను వెళ్లాక చెరువులెలా ఉన్నాయని నాన్నను ఫోన్‌లో అడిగితే "పర్వాలేదన్నయ్యా" అని ఊరుకున్నాడు. గట్టు తెగిందనీ, కరెంటు లేక జనరేటరు మీదే ఏరేటర్లు తిప్పారనీ, ఆ డీజిలు ఖర్చే నడ్డి విరిచిందనీ నీ ఉత్తరం చూశాకే తెలిసింది. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, కష్టం సగమే చెబుతాడు. నువ్వు విడమరిచి రాయడం మంచిదైంది.

నువ్వు రెండు సంగతులు అడిగావు. అమెరికా మన సరుకు మీద 50 శాతం వేస్తే మనమూ వాళ్ల సరుకు మీద 50 శాతం వేయలేమా, మనకు పౌరుషం లేదా అని ఒకటి. పక్కనున్న నాలుగెకరాల చెరువు కూడా లీజుకు తీసుకోవాలని నాన్న చూస్తున్నాడు, తీసుకోమందామా వద్దందామా అని రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాంట్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

నా ఉద్యోగమంతా కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లోనే గడిచిందని నీకు తెలుసు. సనత్‌నగర్ కంటైనర్ డిపోకు విదేశీ సరుకు వచ్చినప్పుడల్లా మేం నింపే కాగితాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు. సరుకు తెప్పించుకున్నవాడి పేరు, అది ఏ కోడ్ కిందికొస్తుంది, విలువెంత, ఆ విలువ మీద బేసిక్ డ్యూటీ ఎంత, ఆ డ్యూటీ మీద సర్‌చార్జి ఎంత, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ ఎంత, ఇలా ఒక్కో మెట్టూ లెక్క వేసుకుంటూ పోతాం. చివర తేలిన మొత్తాన్ని కట్టేది సరుకు తెప్పించుకున్నవాడే. జర్మనీ యంత్రం మీద జర్మనీ కట్టదు, చైనా మోటారు మీద చైనా కట్టదు. ఇక్కడి వ్యాపారి కట్టి, కొన్నవాళ్ల దగ్గర రాబట్టుకుంటాడు. అమెరికాలోనూ పద్ధతి ఇదే. "భారత్‌పై సుంకం" అని పేపర్లో పెద్దక్షరాలతో వేస్తారు గానీ, ఆ సొమ్ము అక్కడి రేవులో, అక్కడి ఖజానాకు, అక్కడి దిగుమతిదారు పేరు మీదే జమవుతుంది.

మరి భీమవరం చెరువుగట్టు మీద ధర ఎందుకు పడిపోయింది? ఇది అడగాల్సిన ప్రశ్న.

రొయ్యల వ్యాపారంలో అమెరికాకు పంపే సరుకు చాలావరకు డీడీపీ పద్ధతి మీద వెళుతుంది. అంటే సుంకం కూడా కట్టేసి, కొనేవాడి గోడౌను దాకా చేర్చే బాధ్యత మన ఎగుమతిదారుదే. అప్పుడు రేవులో కట్టేదీ మనవాడే అవుతాడు. అలాకాకుండా అమెరికా కంపెనీయే కట్టినా, ఆ మేరకు ధర తగ్గించమని మనవాణ్నే నొక్కుతుంది. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు లెక్కలు చూసుకుని కొనుగోలు ధర తగ్గిస్తాడు. ఏజెంటు తన కమీషను తగ్గించుకోడు. చివరికి మిగిలేది నాన్న.

పట్టుబడి రోజు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పేదేముంది. తెల్లవారకముందే వల లాగుతారు. ఐసు లారీ గట్టు మీద సిద్ధంగా ఉంటుంది. ఏజెంటు కుర్రాడు ఒక కిలో తూచి, ట్రేలో పోసి, ఒక్కొక్కటే పక్కకు నెడుతూ లెక్కపెడతాడు. అరవై వస్తే అరవై కౌంటు, డెబ్భై వస్తే డెబ్భై. ఆ అంకెను బట్టి ధర. ఆ నిమిషంలో "ఈ ధరకు ఇవ్వను, వచ్చే నెల చూద్దాం" అని నాన్న అనగలడా? ధాన్యమైతే పురిలో పోసుకోవచ్చు. చెరువులో రొయ్య ఒక్క రోజు ఎక్కువుంటే ఆ రోజు మేతా, కరెంటూ ఖర్చే. పైగా తెల్లమచ్చ తెగులు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చిందంటే రోజుల్లో చెరువంతా ఖాళీ. అమెరికా సూపర్ మార్కెట్టు వాడు ఆగగలడు, ఎగుమతిదారు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని కొన్నాళ్లు ఆగగలడు. రైతు ఆగలేడు. అందుకే సుంకం ఎవరి పేరు మీద వేసినా, ఆగలేనివాడి నెత్తిన పడుతుంది. మొన్న ఏప్రిల్ 2న ట్రంప్ అట్ట పట్టుకుని దేశాల వారీగా అంకెలు చదివినప్పుడు మన అంకె 26. వారానికి అమల్లోకి వచ్చిన రోజే అది 90 రోజులు వాయిదా పడింది. అయినా చెరువుల దగ్గర ధర మాత్రం ఆ ప్రకటనతోనే పడిపోయింది. ఇంకా వేయని సుంకానికి నాన్న అప్పుడే కట్టేశాడు. నాకు ఇప్పటికీ కడుపు మండేది దీనికే.

ఆ తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం. మనం రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25. ఇవి కాక రొయ్య మీద ఉన్నవి యాంటీ డంపింగ్ సుంకం 3.96, కౌంటర్‌వెయిలింగ్ సుంకం 5.76. మొత్తం 59.72 శాతం. సెప్టెంబర్‌లో చంద్రబాబు నాయుడు కేంద్రానికి రాసిన లేఖలో ఉన్న లెక్క ఇదే. సగం ఆర్డర్లు రద్దయ్యాయనీ, నష్టం 25,000 కోట్ల దాకా ఉండొచ్చనీ కూడా అందులో రాశారు. అదే సమయంలో ఈక్వడార్ మీద వేసింది 15 శాతం. రష్యా చమురు ఎక్కువగా శుద్ధి చేసేది గుజరాత్‌లో. దాని జరిమానా గోదావరి జిల్లాల చెరువుల మీద. ఆ చమురుకూ మన ఊరి కాలవ నీటికీ ఏ సంబంధమూ లేదమ్మా. రెండు పెద్ద ప్రభుత్వాలు మాట్లాడుకునేటప్పుడు బల్ల మీద పెట్టిన వస్తువు ఒకటి, చెల్లించిన వస్తువు ఇంకొకటి.

ఇప్పుడు నీ పౌరుషం మాటకొస్తాను. దానికి ముందు ఇంకో సంగతి గమనించు. మా ఇంటి నుంచి జీడిమెట్ల పెద్ద దూరం లేదు. అక్కడా, బొల్లారంలో, పాశమైలారంలో తయారయ్యే మందుబిళ్లలు కూడా అమెరికాకే వెళుతున్నాయి. మన దేశపు మందుల ఎగుమతుల్లో దాదాపు మూడో వంతు ఆ ఒక్క దేశానికే. ఆ బిళ్లల మీద ఈ 50 శాతం పడలేదు. సెప్టెంబర్ నెలాఖర్లో బ్రాండెడ్, పేటెంటు మందుల మీద 100 శాతం వేస్తామని ట్రంప్ ప్రకటించినప్పుడు కూడా జెనెరిక్ మందుల జోలికి రాలేదు. దేశం ఒకటే, కొనే దేశమూ ఒకటే. మాత్ర ఊరికే దాటిపోయింది, రొయ్య చిక్కింది.

మాత్రను వదిలేసింది మన మీద ప్రేమతో కాదు. బీపీకీ షుగరుకీ అక్కడి సామాన్యుడు వేసుకునే చవక బిళ్లలు మన దగ్గర్నుంచి పోకపోతే అక్కడి మందుల షాపుల్లో అరలు ఖాళీ అవుతాయి. రేపటికి రేపు అంత సరుకు, అంత చవగ్గా ఇంకెవరూ ఇవ్వలేరు. రొయ్య అలా కాదు. భీమవరం రొయ్య రాకపోతే ఈక్వడార్ రొయ్య, అదీ కాకపోతే ఇండోనేషియా, వియత్నాం. సుంకం వేసేవాడు మొదట చూసేది "వీడు లేకపోతే నాకు గడుస్తుందా" అని. గడిచేచోటే వేస్తాడు. మొన్న 14వ తేదీన కాఫీ, టీ, అరటిపళ్లు, మసాలా దినుసులు, పశుమాంసం వంటివాటిని సుంకాల జాబితా నుంచి తీసేశారు, చూశావా? అక్కడ కిరాణా సరుకుల ధరలు మండిపోతున్నాయని జనం గొడవ పెట్టారు, అందుకు. ఆ జాబితాలో రొయ్య లేదు.

నేనుంటున్న ఈ ఊరి పుట్టుకలోనూ ఇలాంటి సంగతే ఉంది. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్లతో చేసుకున్న సంధి తర్వాత వాళ్ల పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఇది సికింద్రాబాద్ అయింది. ఇక్కడికి వచ్చే సరుకుకు దిగుమతి సుంకం మినహాయించారు. దాంతో వ్యాపారులు వరసకట్టారు. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అలా పుట్టినవే. నువ్వు చిన్నప్పుడు పరికిణీ గుడ్డ కొనిపించుకున్న ఆ ఇరుకు సందులకు మూలం ఒక మినహాయింపు ఉత్తర్వు. చెరువుకు అవతల, హైదరాబాద్ నగరంలో, నిజాం సంస్థానంలోని మిగతా ఊళ్లలో మాత్రం కరోడ్‌గిరి సుంకాల శాఖ వాళ్లు నాకాల దగ్గర మూటలు విప్పి చూసి వసూలు చేసేవాళ్లు. ఇక్కడి మినహాయింపు వ్యాపార సూత్రం కాదు, పటాలం బలం. మినహాయింపు అప్పుడు ఫిరంగి ఉన్నవాడికి దక్కింది, ఇప్పుడు బిళ్ల ఉన్నవాడికి దక్కింది. బిళ్లతో దక్కించుకోవడం గౌరవమైన పని కాబట్టి దాని గురించి ఇంకొంచెం చెప్పనీ.

హైదరాబాద్ బిళ్లకు ఆ బలం ఎక్కడిది? ఇక్కడే నువ్వు చదువుకునే పుస్తకాల్లో స్వేచ్ఛా వాణిజ్యం గురించి రాసినదానికీ నేను చూసినదానికీ తేడా వస్తుంది. 1961లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ పెట్టారు. దాని పెద్ద యూనిట్లలో ఒకటి మన బాలానగర్ దగ్గర. 1970లో పేటెంట్ల చట్టం మార్చారు. మందు మీద పేటెంటు చెల్లదు, తయారుచేసే పద్ధతి మీదే చెల్లుతుంది అన్నారు. అంటే వేరే పద్ధతిలో అదే మందు మనం చేసుకోవచ్చు. ఇది రక్షణే, గోడ కట్టడమే. విదేశీ కంపెనీలు గగ్గోలు పెట్టాయి. కానీ ఆ గోడ లోపల మనవాళ్లు కూర్చోలేదు, నేర్చుకున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన ఒక్కరే కాదు, ఆ ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర నిలబడి పని నేర్చిన కెమిస్టులు ఎందరో జీడిమెట్ల షెడ్లలో సొంత పనులు మొదలెట్టారు. 2005లో పేటెంటు గోడ తీసేసే నాటికి వీళ్లు బయటి గాలికి నిలబడగలిగారు.

గోడ కట్టిన ప్రతిచోటా ఇలా జరగలేదు. సనత్‌నగర్‌లోనే ఆల్విన్ ఉండేది. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు, మంచి పనివాళ్లు. మా పెళ్లికి వచ్చిన గోడగడియారం కూడా అక్కడిదే. 1991 తర్వాత పోటీ వచ్చేసరికి నిలవలేక ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. ఎంతమంది ఇళ్లు తలకిందులయ్యాయో నేను దగ్గర్నుంచి చూశాను. కాబట్టి ఎవరైనా "రక్షణ మంచిదా చెడ్డదా" అని వాదిస్తుంటే నేను అందులోకి దిగను. ఎవరిని కాపాడుతున్నారు, ఎన్నాళ్లు, ఆ లోపు వాళ్లు ఏం నేర్చుకోవాలి అని మాత్రం అడుగుతాను. మన మందులకూ ఈ ప్రశ్న మళ్లీ వచ్చింది. బయటి నుంచి తెప్పించుకునే ముడిమందుల్లో సుమారు 70 శాతం చైనావే. పెన్సిలిన్‌-జి మన దేశంలో చేయడమే మానేశాం, చైనా చవగ్గా ఇస్తోంది కదా అని. తర్వాత జ్ఞానోదయమై ప్రోత్సాహకాలిచ్చి, 2024లో కాకినాడ దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు ఒక తరం పట్టింది.

రొయ్యల్లో మనం ఈ పని చేసుకోలేదు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతిచ్చారు. అది మన సముద్రాల జీవి కాదు. తల్లి రొయ్యలు విమానంలో అమెరికా నుంచి, ఫ్లోరిడా, హవాయి హేచరీల నుంచి వస్తాయి. చెన్నై దగ్గర నీలాంకరైలో క్వారంటైన్ చేసి హేచరీలకిస్తారు. తల్లి అమెరికాది, తినే మార్కెట్టు అమెరికాది. మధ్యలో చెరువు, రిస్కు, అప్పు మనవి. 2024-25లో దేశం మొత్తం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యే. డాలర్లలో దాదాపు 518 కోట్లు. అమెరికా ఒక్కటే మన సముద్ర ఉత్పత్తులు 271 కోట్ల డాలర్లవి కొన్నది. ఒక్క కొనుగోలుదారు మీద అంతగా ఆనుకుంటే, వాడు పక్కకు జరిగిన రోజు మనం పడతాం.

అయినా ఈక్వడార్ కన్నా మనకు ఒక్క విషయంలో పైచేయి ఉంది, అది నువ్వు బాగా పట్టించుకోవాలి. కిందటేడు మీ ఊరి దగ్గర ఒక ప్లాంటు చూపించారు కదా. తలకు టోపీ, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు, మోకాళ్ల దాకా చలి. వరసగా నిలబడ్డ ఆడవాళ్లు. ఒక్కో రొయ్యనూ ఐసునీళ్లలోంచి తీసి, తల విరిచి, పెంకు ఒలిచి, వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్లని నరం లాగి, తోక మాత్రం చెక్కు చెదరకుండా ఉంచి పక్క ట్రేలో వేస్తున్నారు. మనం మాట్లాడినంత సేపూ ఆ పక్కనున్నావిడ చేయి ఆగలేదు. అమెరికా మనల్ని ఇన్నాళ్లూ కొన్నది ఆ చేతి పనికే. ఈక్వడార్ వాళ్లు ఎక్కువగా తలతో సహా గడ్డకట్టించి చైనాకు పంపేవాళ్లు, ఒలిచిన రొయ్యలో మనదే రాజ్యం. ఇప్పుడు వాళ్లూ ఒలిచే యంత్రాలు పెంచుకుంటున్నారు. 59.72 శాతం ఇలాగే కొనసాగితే ఆ పనీ అటే పోతుంది. ఒకసారి పోయిన పని తిరిగి రావడం ఎంత కష్టమో పెన్సిలిన్‌ చెప్పింది. టీవీల్లో రైతు గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. షిఫ్టులు తగ్గి ఇంట్లో కూర్చున్న ఆ ఆడవాళ్ల గురించి మాట్లాడేవాళ్లే కనపడ్డంలేదు.

ఇక మనమూ వేయాలి అన్న మాట. వేయకూడదని కాదు, ఇదివరకు వేశాం కూడా. 2019 జూన్‌లో అమెరికా బాదం, వాల్‌నట్, ఆపిల్, శనగల వంటి 28 సరుకుల మీద అదనపు సుంకం వేశాం. వాళ్లు మన ఉక్కు మీద వేసినందుకు, మనకిచ్చే రాయితీ తీసేసినందుకు. చివరికి 2023లో ఇద్దరూ కూర్చుని ప్రపంచ వాణిజ్య సంస్థలోని ఆరు కేసులు రాజీ చేసుకుని, మనం కొన్నిటి మీద అదనపు సుంకం తీసేశాం. చైనా ఈ ఏడాది అంకెకు అంకె పెంచింది. అమెరికా 145 దాకా పోతే తను 125 దాకా పోయింది. అమెరికా రైతుల సోయా కొనడం మానేసింది. మోటార్లకూ క్షిపణులకూ కావలసిన అరుదైన ఖనిజాల మీద చేయి వేసింది. దాంతో అక్టోబర్ 30న బూసాన్‌లో ఇద్దరు నాయకులూ కలిసి వెనక్కి తగ్గక తప్పలేదు. చైనా దగ్గర అలాంటిది ఉంది. మన దగ్గరున్నది మాత్ర. మందు ఆపేసి పేదరోగిని బెదిరించడం నాకు సమ్మతం కాదు, ప్రభుత్వానికీ కాకూడదు.

అంకెకు అంకె వేస్తూ పోతే ఏమవుతుందో 1930లోనే లోకం చూసింది. అమెరికాలో స్మూట్‌-హాలీ చట్టం తెచ్చి ఎన్నో సరుకుల మీద సుంకం పెంచారు. వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు సంతకాలు పెట్టి వద్దన్నా అధ్యక్షుడు హూవర్ వినలేదు. కెనడా, ఐరోపా దేశాలు ఎదురు వేశాయి. 1929 నుంచి 1934 మధ్య ప్రపంచ వాణిజ్యం విలువ మూడింట రెండు వంతులు పడిపోయింది.

ఇంకా వెనక్కి వెళితే ఈ దెబ్బ మన కృష్ణా జిల్లాకు మూడొందల ఏళ్ల పాతది. మచిలీపట్నం అద్దకం బట్టలంటే ఐరోపా పడి చచ్చిన రోజుల్లో, అక్కడి నేతగాళ్లు గొడవ చేస్తే 1686లో ఫ్రాన్సు నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చింది. ఆ గోడ వెనక వాళ్లు యంత్రాలు నేర్చారు. ఆ తర్వాత మనం వాళ్ల పాలనలో ఉన్నప్పుడు గోడ కట్టుకునే హక్కే మనకు లేదు. 1896లో మాంచెస్టర్ బట్ట మీద మూడున్నర శాతం వేస్తూ, పోటీ సమానంగా ఉండాలని మన మిల్లుల బట్ట మీదా అదే మూడున్నర శాతం వేశారు. 1925 దాకా అది పోలేదు. అందుకే గోడ కట్టుకునే హక్కును నేను తేలిగ్గా తీసుకోను. అది వాడాల్సిన చోట వాడాలి.

వాడాల్సిన చోట వాడకపోతే ఏమవుతుందో ఈ ఏడాదే తెలంగాణలో చూస్తున్నాం. అమెరికా దెబ్బకు తిరుప్పూరు వంటి చోట్ల బట్టల ఎగుమతులు పడిపోతున్నాయని, వాళ్లకు పత్తి చవగ్గా దొరకాలని, ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీదున్న 11 శాతం సుంకం తీసేశారు. మొదట సెప్టెంబర్ నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. తెలంగాణలో పత్తి మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే. ఆదిలాబాద్‌లో, వరంగల్‌లో రైతు బండి కట్టే వేళకు విదేశీ పత్తి రేవులో దిగుతోంది. పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుంది. కానీ తేమ 12 శాతం దాటితే ఆ ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. తుపాను వానలకు తడిసిన పత్తిలో 12 ఎక్కడ? ఎకరానికి ఏడు క్వింటాళ్ల పరిమితి ఒకటి. బయట ప్రైవేటు వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చేస్తున్నారు. బట్టల మిల్లును ఆదుకోవడం తప్పని నేననను, అక్కడా పనివాళ్లున్నారు. కానీ ఆ సాయం ఖజానా నుంచి ఇవ్వాలి గానీ పత్తిరైతు జేబు నుంచి కాదు. సుంకం వేస్తే నాన్న నష్టపోయాడు, సుంకం తీస్తే ఆదిలాబాద్ రైతు నష్టపోయాడు. ఈ రెండూ ఒకే నెలలో జరిగాయి, ఇద్దర్నీ ముందుగా అడిగినవాడు లేడు.

ఇంకొక్క మాట. 2003 చివరి రోజున అమెరికా దక్షిణ తీరపు రొయ్యల వేటగాళ్లు మన మీద, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా, బ్రెజిల్, ఈక్వడార్‌ల మీద డంపింగ్ ఫిర్యాదు చేశారు. వాళ్లనూ తిట్టకు. అమెరికాలో తినే రొయ్యలో 90 శాతానికి పైగా బయటిదే. చెరువు రొయ్య వచ్చి ధర పడిపోతే పడవలు ఒడ్డునే కట్టేసుకున్న మనుషులు వాళ్లు. 2005 ఫిబ్రవరిలో మన మీద సుమారు 10 శాతం వేశారు. అది చాలక ఏడాది సుంకానికి సరిపడా బాండు ముందే కట్టమన్నారు, చిన్న ఎగుమతిదారులు ఆ బాండుతోనే కుదేలయ్యారు. అప్పుడు మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది, 2008లో ఆ బాండు మీద గెలిచింది. ఇవాళ వెళ్లినా అప్పీలు వినే ధర్మాసనం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది మూతపడే ఉంది. నీ కోపం ఎక్కడైనా పెట్టాలంటే అక్కడ పెట్టు. చిన్నవాడు ఫిర్యాదు చేసుకునే చోటు పోయింది, అది తిరిగి తెరిపించమని మనలాంటి దేశాలు కలిసికట్టుగా అడగాలి. నువ్వు అడిగిన పౌరుషం చూపించాల్సింది అక్కడ.

ఇక లీజు సంగతి. పాత కౌలుకు ఆ నాలుగెకరాలు వద్దని నాన్నతో చెప్పు. కౌలు ముందే కట్టాలి, ధర పడితే నష్టమంతా కౌలుదారుదే, భూమి యజమానికి చీమ కుట్టినట్టుండదు. తీసుకునే పక్షంలో ఒప్పందం కాగితం మీద రాయించండి. అరవై కౌంటు ధర మీరిద్దరూ అనుకున్న అంకె కన్నా కిందికి పోతే కౌలు కూడా ఆ మేరకు తగ్గాలని అందులో ఉండాలి. యజమాని ఒప్పుకోకపోతే వదిలేయండి. ఉన్న చెరువుల్లో సీడు పల్చగా వేసి, పెద్ద సైజు దాకా పెంచడం మేలు. జూలైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం అమల్లోకి వస్తే అక్కడ రొయ్యకు సుంకం ఉండదు. యూరప్ సెప్టెంబర్‌లో ఇంకో 102 ప్లాంట్లకు అనుమతిచ్చింది. ఆస్ట్రేలియా కూడా ఒలవని రొయ్యకు తలుపు కొంచెం తెరిచింది. ఈ మార్కెట్లు యాంటీబయాటిక్ ఆనవాలు కనపడితే కంటైనర్ వెనక్కి పంపేస్తాయి. ఏ చెరువులో ఏ మందు ఎప్పుడు వేశారో రోజువారీ పుస్తకం రాయడం నువ్వు ఈ పంట నుంచే మొదలుపెట్టు. అది నాన్నకు విసుగు, నీకు చేతనైన పని.

ఇక్కడి రాంనగర్ చేపల మార్కెట్‌లో ఆదివారం రొయ్య ఎంత పలుకుతోందో, ఏ కౌంటు అడుగుతున్నారో కనుక్కుని రాస్తాను. గట్టు దగ్గరి ధరకూ అక్కడికీ చాలా తేడా కనిపిస్తోంది. మీ ఊరి రైతులు నలుగురు కలిసి ఒక ఐసు వ్యాను పంపితే గిట్టుబాటవుతుందేమో లెక్క వేద్దాం. వ్యాను బాడుగ, ఐసు ఖర్చు అక్కడ ఎంతవుతుందో నువ్వు కనుక్కుని పంపు. కౌలు మాట నాన్న వినకపోతే ఒకసారి నాకు ఫోన్ చేయమను.

అమ్మకు అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న